అడవికి ఆడిట్ ఎలా చేస్తారు?

(ఎపిసోడ్‌లో మాట్లాడినదానికి అక్షర రూపం ఇది. చదవడానికి వీలుగా అక్కడక్కడా చిన్న సవరణలు చేశాం.)

ఈసారి ఎపిసోడ్ రీడింగ్ నుంచి. విషయం కొంచెం కొత్తది, కానీ మన ఇళ్ళన్నింట్లోనూ ఉన్నదే.

ఇది వింటూనే వంటింట్లోకి వెళ్ళి జ్యూస్ కార్టన్ ఒకసారి తిప్పి చూడండి. లేకపోతే పిల్లల నోట్‌బుక్ వెనక అట్ట చూడండి. టిక్ మార్కు చెట్టుగా మారినట్టు ఒక చిన్న గుర్తు ఉంటుంది. అది ఎఫ్ఎస్‌సీ, అంటే ఫారెస్ట్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ గుర్తు. కొన్నింటి మీద గుండ్రటి గీతలో రెండు చెట్లుంటాయి, అది పీఈఎఫ్‌సీ. ఆ గుర్తు చూడగానే "హమ్మయ్య, దీనికోసం అడవి పాడవలేదు" అనుకుని బుట్టలో వేసుకుంటాం.

ఆ నమ్మకం వెనక ఒక ఆడిట్ ఉంది. నేను చేసే పని అదే. అయితే నేను ఎక్కువగా అడవిలో ఉండను. అడవి దాటాక కలప వెళ్ళే దారిలో, అంటే రంపపు మిల్లులు, గోడౌన్లు, ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఉంటాను. "అడవికి ఆడిటేంటండీ, చెట్లు లెక్కపెడతారా?" అని ఇక్కడి మనవాళ్ళు అడుగుతూ ఉంటారు. లెక్కపెట్టం. ఆడిటర్ చూసేది చెట్లని చూసుకునే పద్ధతిని. అది కూడా మొత్తం కాదు, శాంపిల్. ఆ శాంపిల్‌లో నిజం బయటపడుతుందా లేదా అన్నది మాత్రం ఆడిటర్‌తో ఎవరు మాట్లాడారు, ఏం మాట్లాడారు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఇది ఎక్కడ మొదలైంది

1980లలో ఉష్ణమండల అడవులు నరికేస్తున్నారని యూరప్‌లో పెద్ద గొడవ నడిచింది. ఆ కలప కొనొద్దని బహిష్కరణలు కూడా జరిగాయి. 1992లో రియో సదస్సులో దేశాలన్నీ కూర్చున్నాయి కానీ అడవుల మీద కట్టుబడాల్సిన ఒప్పందం ఏదీ కుదరలేదు. ప్రభుత్వాల వల్ల కానప్పుడు మార్కెట్ ద్వారానైనా చేద్దామని 1993లో కెనడాలోని టొరంటోలో ఎఫ్ఎస్‌సీని మొదలుపెట్టారు. ఇందులో సభ్యులు మూడు సభలుగా ఉంటారు. పర్యావరణం వాళ్ళు, కార్మికులూ స్థానికులూ ఉండే సామాజిక సభ, వ్యాపారం వాళ్ళు. ముగ్గురికీ ఓటు బరువు సమానం. 1999లో పీఈఎఫ్‌సీ వచ్చింది.

అదే 1999లో బ్రిటన్‌లో ఒక మంచి పని జరిగింది. యూకే వుడ్‌ల్యాండ్ అష్యూరెన్స్ స్టాండర్డ్, పొట్టిగా యుక్వాస్, తయారైంది. అడవుల యజమానులు, కలప వ్యాపారులు, పక్షుల సంఘాల వాళ్ళు, ప్రభుత్వం ఒకే బల్ల దగ్గర కూర్చుని రాసుకున్న నియమావళి అది. ఎఫ్ఎస్‌సీ ఆడిట్‌కైనా పీఈఎఫ్‌సీ ఆడిట్‌కైనా ఇక్కడి అడవుల్లో వాడేది ఆ ఒక్క పుస్తకమే. ఆ ఏడాదే ఇక్కడి ప్రభుత్వ అడవులకి సర్టిఫికెట్ వచ్చింది.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఎఫ్ఎస్‌సీ స్వయంగా ఆడిట్ చేయదు. మన పరీక్షల్లాగే అనుకోండి. సిలబస్ రాసేవాళ్ళు వేరు, పేపర్లు దిద్దేవాళ్ళు వేరు, దిద్దేవాళ్ళ మీద నిఘా పెట్టేవాళ్ళు ఇంకా వేరు. సిలబస్ ఎఫ్ఎస్‌సీది. దిద్దేవి సర్టిఫికేషన్ సంస్థలు, బ్రిస్టల్‌లోని సాయిల్ అసోసియేషన్ సర్టిఫికేషన్ లాంటివి. వాళ్ళని తనిఖీ చేసేది అష్యూరెన్స్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ అనే మరో సంస్థ, ఏఎస్ఐ అంటారు.

మన పక్కనే ఉన్న అడవిలో

రీడింగ్‌కి దక్షిణంగా ఎవర్స్‌లీ వైపు వెళ్తే బ్రామ్స్‌హిల్ అడవి వస్తుంది. ఫారెస్ట్రీ ఇంగ్లాండ్ చూసుకునే అడవి. మనవాళ్ళు చాలామంది ఆదివారం పిల్లలతో నడవడానికి వెళ్తుంటారు. ఎక్కువగా పైన్ చెట్లు, కలప కోసం పెంచుతున్నవే. కానీ అదే చోటు థేమ్స్ బేసిన్ హీత్స్ అనే రక్షిత ప్రాంతంలో భాగం కూడా. నైట్‌జార్, వుడ్‌లార్క్, డార్ట్‌ఫోర్డ్ వార్బ్లర్ అనే మూడు పక్షుల కోసం దాన్ని కాపాడుతున్నారు. నైట్‌జార్ నేల మీదే గుడ్లు పెడుతుంది, చెట్లు కొట్టేసి ఖాళీ అయిన జాగాలంటే దానికి ఇష్టం. అంటే చెట్లు కొడితేనే ఆ పక్షికి చోటు. కానీ మే నుంచి ఆగస్టు దాకా అది గూటిలో ఉన్నప్పుడు అదే జాగాలోకి యంత్రం దింపితే గుడ్లు నలిగిపోతాయి. అడవి ఆడిట్ ఎందుకు సులువు కాదో ఈ ఒక్క ఉదాహరణ చాలు. "చెట్లు కొట్టారా?" అన్న ప్రశ్నతో ఏమీ తేలదు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా కొట్టారన్నదే అడగాలి.

అలాంటి అడవికి ఆడిటర్ వస్తే ఏం చేస్తాడో వరసగా చెప్తాను.

ముందు కబురు పెడతారు. మొదటిసారి సర్టిఫికెట్ ఇచ్చే పెద్ద ఆడిట్‌కి కనీసం ఆరు వారాల ముందు చుట్టుపక్కల ఊళ్ళకి, సంఘాలకి, పక్షి ప్రేమికులకి, కార్మిక సంఘాలకి తెలియజేయాలి. మీకేమైనా చెప్పాలని ఉంటే చెప్పండి అని అడగాలి. ఈ మెట్టుని చాలామంది లాంఛనం అనుకుంటారు. కానీ ఇక్కడ వచ్చిన ఒక్క ఉత్తరం ఆడిటర్ ఏ దారిన నడవాలో మార్చేస్తుంది.

తర్వాత కాగితాలు. అడవి నిర్వహణ ప్రణాళిక, మ్యాపులు, ఎన్నేళ్ళలో ఎంత కొడతారు, ఎంత పెరుగుతుంది, మందులేం వాడారు, రక్షిత జాగాలు ఎక్కడున్నాయి. యుక్వాస్ ప్రకారం అడవి విస్తీర్ణంలో కనీసం 15 శాతాన్ని జీవవైవిధ్యం ముఖ్య లక్ష్యంగా చూసుకోవాలి. మ్యాపు మీద 15 శాతానికి రంగు వేయడం తేలికే. ఆ రంగు వేసిన చోట నేల మీద ఏముందో చూడటానికే మూడో మెట్టు.

అది నడక. ఏ కంపార్ట్‌మెంట్లు చూడాలో ఆడిటర్ తనే ఎంచుకుంటాడు. కొత్తగా కొట్టిన చోటు ఒకటి, కొట్టబోయేది ఒకటి, కాలవ పక్కన ఒకటి, ఫిర్యాదు వచ్చిన చోటు తప్పకుండా ఒకటి. యంత్రాల చక్రాల గాళ్ళు ఎంత లోతుగా పడ్డాయి, వాగులోకి బురద దిగుతోందా, పక్షుల కోసం, పురుగుల కోసం వదిలేస్తామన్న ఎండు చెట్లు నిజంగా వదిలేశారా, ఇవన్నీ చూస్తాడు.

నాలుగోది మనుషులు. నన్నడిగితే ఆడిట్ మొత్తంలో ప్రాణం ఇక్కడే ఉంది. మేనేజరు పక్కన లేకుండా రంపం పట్టిన మనిషితో మాట్లాడాలి. "ప్రమాదం జరిగితే అంబులెన్సుకి ఈ చోటు ఎలా చెప్తావు?" అని అడిగితే, జేబులోంచి మ్యాప్ గ్రిడ్ నంబరు రాసిన కాగితం తీసేవాడి దగ్గర పద్ధతి బతికి ఉన్నట్టు. బిక్కమొహం వేస్తే ఆఫీసులో ఉన్న భద్రతా ఫైలు ఎంత మందంగా ఉన్నా లాభం లేదు. "ఇక్కడ కొట్టకూడని చోటు ఏది?" అంటే చెయ్యెత్తి చూపించగలగాలి. నైట్‌జార్ పేరు మ్యాపులో ఉండి డ్రైవరుకి తెలియకపోతే ఆ పక్షికి ఒరిగేదేమీ లేదు కదా.

చివర్లో ముగింపు సమావేశం. తప్పులు రెండు రకాలు. చిన్నవాటికి మామూలుగా ఏడాది గడువు. పద్ధతే విఫలమైందనిపించే పెద్ద తప్పులకి మూడు నెలలు. దిద్దకపోతే సర్టిఫికెట్ ఆగిపోతుంది. సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అన్న తుది నిర్ణయం కూడా అడవికి వెళ్ళిన ఆడిటర్ ఒక్కడిదే కాదు, రిపోర్టు చదివి ఇంకొకరు నిర్ణయిస్తారు. అయిదేళ్ళు చెల్లుతుంది, మధ్యలో ప్రతి ఏడాదీ నిఘా ఆడిట్ ఉంటుంది. రిపోర్టు సారాంశాన్ని అందరూ చదువుకునేలా బయట పెట్టాలి.

అడవి దాటాక

ఇక నా పని. దీన్ని చైన్ ఆఫ్ కస్టడీ అంటారు. చెట్టు కొట్టిన దగ్గర్నుంచి గుర్తు వేసిన సరుకు తయారయ్యేదాకా కలపో కాగితమో చేతులు మారిన ప్రతి చోటా సర్టిఫికెట్ ఉండాలి. ఆ మాట ప్రతి బిల్లు మీదా రాసి ఉండాలి. మధ్యలో ఒక్కరికి లేకపోయినా గొలుసు తెగినట్టే. తర్వాతివాళ్ళు ఆ గుర్తు వేయకూడదు.

నేను వెళ్ళేది, చెప్పాలంటే, ఒక చిన్న ప్రెస్సుకి అనుకోండి. ఏడాదిలో 10 టన్నుల సర్టిఫైడ్ కాగితం కొన్నారు. కత్తిరింపుల్లో, చెడిపోయిన ప్రింట్లలో 12 శాతం పోతుందని వాళ్ళే చెప్పారు. అంటే గుర్తు వేసి అమ్మగలిగింది 8.8 టన్నులు. అమ్మకం బిల్లులన్నీ కూడితే 9.5 వచ్చిందనుకోండి, మిగతా 0.7 ఎక్కణ్ణుంచి వచ్చింది? రోజంతా నేను చేసేది ఈ కూడికలూ తీసివేతలే. మన ఊళ్ళో కాటా దగ్గర కూర్చునే గుమాస్తా పనికీ దీనికీ పెద్ద తేడా లేదు.

ఇక్కడ ఒక బలహీనత ఉంది. అమ్మినవాడి పుస్తకం ఒక ఆడిటర్ చూస్తాడు, కొన్నవాడి పుస్తకం ఇంకో ఆడిటర్ చూస్తాడు. చాలాసార్లు ఇద్దరూ వేరు వేరు సంస్థల వాళ్ళు, వేరు వేరు దేశాల వాళ్ళు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూడటం ప్రతి బిల్లుకీ జరగదు. అనుమానం వచ్చిన సరుకుల్లో మాత్రం రెండు వైపులా లెక్కలు సరిపోల్చే పరిశీలనలు చేస్తారు.

గుర్తు కింద రాసిన మాట కూడా చదవండి. "100 శాతం" అని ఉంటే మొత్తం సర్టిఫైడ్ అడవిదే. "రీసైకిల్డ్" అంటే తెలిసిందే. మనకి ఎక్కువగా కనిపించేది "మిక్స్". అందులో సర్టిఫైడ్‌ది కొంత, మిగతాది రీసైకిల్డ్ లేదా నియంత్రిత కలప. అంటే దొంగ కలప కాదని, జనం హక్కులు తొక్కి తెచ్చింది కాదని, విలువైన అడవిని పాడుచేసి తెచ్చింది కాదని, సహజమైన అడవిని తోటగా మార్చి తెచ్చింది కాదని, జన్యుమార్పిడి చెట్లది కాదని చూసుకున్నది. కొన్ని మిల్లులు దీన్ని ఖాతా పద్ధతిలో నడుపుతాయి. రైస్ మిల్లుకి మన వడ్లు తోలితే దానికి తగ్గ బియ్యం వస్తాయి, కానీ అవి మన వడ్ల బియ్యమేనని ఎవరూ చెప్పలేరు కదా. ఇదీ అంతే. మీ చేతిలో ఉన్న కాగితంలో సర్టిఫైడ్ అడవి పీచు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. లెక్కలో మాత్రం అంత సర్టిఫైడ్ కలప ఆ మిల్లులోకి వచ్చి ఉండాలి. ఇది మోసం కాదు, నియమమే. కాకపోతే తెలిసి కొనాలి.

భద్రాచలం, రాజమండ్రి వైపు

ఇప్పుడు మన వైపుకి వద్దాం. భద్రాచలం దగ్గర సారపాకలో ఐటీసీ మిల్లు, రాజమండ్రిలో ఆంధ్రా పేపర్. 1988 జాతీయ అటవీ విధానం పరిశ్రమలకి సహజ అడవుల్లోంచి కర్ర ఇవ్వొద్దని, రైతుల దగ్గర పెంచి కొనుక్కోవాలని చెప్పింది. అందుకే ఖమ్మం వైపు జామాయిల్, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, కోస్తాలో సరుగుడు అంతగా పెరిగాయి. భద్రాచలం క్లోన్లు అంటే రైతులందరికీ తెలుసు. క్లోన్ అంటే జన్యుమార్పిడి అనుకుని కొందరు కంగారు పడతారు. కాదు, మంచి చెట్టు కొమ్మ నుంచి తీసిన అంటు లాంటిదే. ఎఫ్ఎస్‌సీ జన్యుమార్పిడిని ఒప్పుకోదు, క్లోన్లని ఒప్పుకుంటుంది.

రెండెకరాల రైతు సొంతంగా సర్టిఫికెట్ తెచ్చుకోలేడు. ఆడిట్ ఖర్చు అతని పంట కన్నా ఎక్కువవుతుంది. అందుకని గ్రూప్ సర్టిఫికేషన్ పెట్టారు. వందలమంది రైతులు ఒక గుంపు, వాళ్ళకొక గ్రూప్ మేనేజర్, ఆ మేనేజరు చాలాచోట్ల మిల్లే. ఆడిటర్ అందరి దగ్గరకీ వెళ్ళడు. చిన్న కమతాల గుంపుల్లో శాంపిల్ లెక్క వర్గమూలం చుట్టూ తిరుగుతుంది. 900 మంది రైతులుంటే వర్గమూలం 30. ఆ 30 కన్నా తక్కువ పొలాలు చూసి కూడా ఆ ఏడాది తీర్పు ఇచ్చేయొచ్చు.

ఆ కొద్ది పొలాల్లో ఏం అడుగుతారు? భూమి పుస్తకం ఎవరి పేరున ఉంది? ఇది ఎప్పటినుంచి సాగులో ఉంది, ముందు అడవా? 1994 నవంబరు తర్వాత సహజ అడవిని కొట్టి తోటగా మార్చిన భూమిని ఎఫ్ఎస్‌సీ ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. 2023లో ఆ నియమం మార్చి, 2020 డిసెంబరు 31 లోపు మార్చిన భూములకి, జరిగిన నష్టం పూడిస్తే దారి ఇచ్చారు. ఇంకా, మందు కొట్టేవాళ్ళకి గ్లవ్సులున్నాయా? కర్ర కొట్టే పనిలో పిల్లలున్నారా? కూలీ ఎంత, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఒకటేనా?

ఏజెన్సీలో ఇంకో చిక్కు. గిరిజనేతరులకి భూమి బదిలీని అడ్డుకునే 1/70 చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, పోడు భూముల పట్టాల గొడవలున్నాయి. పుస్తకం కోయ రైతు పేరున ఉండి, తోట ఇంకొకరిది అయితే ఆ సంగతి కాగితంలో కనపడదు. ఊళ్ళో అందరికీ తెలుసు, ఆడిటర్‌కి తెలియదు. మన భాష తెలియని ఆడిటర్ అయితే దుబాసీ కావాలి. ఆ దుబాసీ మిల్లు ఫీల్డు స్టాఫే అయితే ఆ కూలీ ఏం చెప్తుంది? "అంతా బాగానే ఉందండీ" అంటుంది. రిపోర్టులో కూడా అదే పడుతుంది. అందుకే దుబాసీ ఎవరు అన్నది చిన్న ప్రశ్న కాదు. మన తెలుగు పిల్లలు ఈ వృత్తిలోకి రావాలని నేను గట్టిగా చెప్పేది కూడా ఇందుకే.

డబ్బు సంగతీ చూడాలి. సర్టిఫికెట్ గ్రూప్ మేనేజర్ పేరున ఉంటుంది. రైతు ఆ గుంపులోంచి బయటికి వచ్చి వేరే మిల్లుకి అమ్ముకుంటే ఆ గుర్తు అతని వెంట రాదు. రికార్డులు రాసే శ్రమ రైతుది, లండన్ మార్కెట్లో దానికొచ్చే పేరు మిల్లుది. టన్నుకి నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తారా అన్నది కాగితం మీద లేకపోతే ఆ ఎక్కువ రాదు. భారత ప్రభుత్వం 2023 డిసెంబరులో సొంతంగా ఒక అటవీ, కలప సర్టిఫికేషన్ పథకం తెచ్చింది. ఏ పథకమైనా ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిందే.

నమ్మొచ్చా మరి?

అందరూ అడిగేది ఇదే. ఆడిట్ ఫీజు కట్టేది ఆడిట్ చేయించుకునేవాడే. నచ్చకపోతే వచ్చే అయిదేళ్ళకి ఇంకో సంస్థని పెట్టుకోవచ్చు. ఎక్కువ ఆడిట్లు ముందే చెప్పి వెళ్ళేవే. 2018లో గ్రీన్‌పీస్ ఇంటర్నేషనల్ ఎఫ్ఎస్‌సీ సభ్యత్వం వదిలేసింది. 2020లో ఎర్త్‌సైట్ అనే బ్రిటన్ సంస్థ ఉక్రెయిన్ కార్పాతియన్ కొండల మీద ఒక రిపోర్టు వేసింది. వన్యప్రాణులు పిల్లల్ని కనే కాలంలో, "జబ్బు చెట్ల తొలగింపు" పేరుతో సర్టిఫైడ్ అడవుల్లోనే చట్టానికి విరుద్ధంగా చెట్లు కొట్టారన్నది వాళ్ళ ఆరోపణ. దీని మీద చాలా వాదన నడిచింది. నాకు అందులో కనిపించిన పాఠం ఒకటి. కాగితం మీద "జబ్బు చెట్టు" అని ఉంటే, మొద్దు దగ్గరికి వెళ్ళి చూసినవాడికే అది జబ్బుదో మంచిదో తెలుస్తుంది. అక్కడ బయటివాళ్ళు వెళ్ళి చూశారు కాబట్టే విషయం వచ్చింది.

అయినా ఈ పద్ధతి లేని రోజుల కన్నా ఉన్న రోజులే నయం అంటాను. ఎందుకంటే ఇందులో బయటివాడు వేలు పెట్టడానికి తలుపు ఉంది. మామూలు అడవి గురించి మీరు అడిగితే జవాబు చెప్పే పని ఎవరికీ లేదు. సర్టిఫైడ్ అడవి గురించి అడిగితే చెప్పి తీరాలి.

ఆ తలుపు ఎలా వాడాలో చెప్పి ముగిస్తాను. గుర్తు పక్కన సీ అక్షరంతో మొదలై ఆరు అంకెలుండే లైసెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని ఎఫ్ఎస్‌సీ వెబ్‌సైట్‌లో కొడితే కంపెనీ పేరు, సర్టిఫికెట్ బతికుందా లేదా అన్నది వస్తుంది. అడవి సర్టిఫికెట్ అయితే ఆడిట్ సారాంశం కూడా దొరుకుతుంది. అందులో ముందుగా తప్పుల పట్టిక చదవండి. తప్పులు రాసి, దిద్దిన తేదీలు ఉన్న రిపోర్టుని నేను ఎక్కువ నమ్ముతాను. వేల ఎకరాల అడవిలో ఏటా ఒక్క తప్పూ దొరకలేదంటే నాకే అనుమానం వస్తుంది. మీరు నడిచే అడవిలో ఏదైనా తేడాగా కనిపిస్తే ఫోటో, తేదీ, చోటు రాసి ముందు నిర్వాహకులకి, జవాబు రాకపోతే సర్టిఫికేషన్ సంస్థకి, అక్కడా కాకపోతే ఏఎస్ఐకి పంపొచ్చు. ఫీజు లేదు.

ఊళ్ళో జామాయిలో సుబాబులో వేసిన నాన్నగారో బాబాయో ఉంటే, గ్రూపులో సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగమనండి. సర్టిఫికెట్ ఎవరి పేరున? ఆడిట్ ఖర్చు ఎవరిది? గుర్తు వల్ల వచ్చే ఎక్కువ ధరలో మాకెంత, అది కాగితం మీద ఎక్కడుంది? ఆడిటర్ పొలానికి వస్తే భయపడొద్దని కూడా చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం రైతు హక్కు. రైతు, కూలీ నోరు విప్పకపోతే ఆ ఆడిట్‌లో మిగిలేది కాగితమే.

ప్రశ్నలుంటే ఈ ఎపిసోడ్ కింద రాయండి, వీలైనన్నింటికి జవాబిస్తాను.